తోకల రెండు తెల్లీకలు: ఓడింది పుంజా, పెంచినోడా?

సంక్రాంతి అయినంక మా దిక్కు ఒక ఊళ్లె కోళ్ల అందాల పోటీ పెట్టిన్రు. కత్తి లేదు, పందెం లేదు. వరుసగ జాలి పంజరాలు, వాటిల్ల చిలకముక్కు పుంజులు, పొడుగు తోకల పుంజులు. చుట్టూ ఫోన్లు పట్టుకున్న పోరగాళ్లు. పందేలకంటె ఇది వెయ్యిపాళ్లు నయం అనుకుంట నేను గూడ చూడపోయిన.

అక్కడ ఒక తమ్ముడు కలిసిండు. డిగ్రీ మధ్యల ఆపి కోళ్లు పెంచుతుండు. అమ్మ సంఘంల తీసిన లోనుతోని ఒక జత కొని, దాన్ని పొదిగించి, రెండేండ్లు సాదితే చేతికొచ్చిన పుంజు అది. ముక్కు వంపు మంచిగున్నది, మెడ మంచిగున్నది, కాలు గట్టిగున్నది. జడ్జి వచ్చి తోక ఎత్తి చూసిండు. లోపల రెండు తెల్లీకలు. "రంగు కలిసింది, ఇది అసలు జాతి గాదు" అన్నడు, పక్కకు పెట్టిండు. పక్కనున్న ఇంకో పెద్దమనిషి "డేగకు తోకల తెల్లీక వస్తే ఏమైతది, మా ఇంట్ల తాతల కాడినుంచి అట్లనే ఉన్నయి" అని ఎదురుతిరిగిండు. ఇగ చూడు, అరగంట లొల్లి. ఇద్దరికి ఇద్దరు కోళ్లల్ల తల నెరిసినోళ్లే. ఎవ్వరి చేతిల రాసుకున్న కాయితం లేదు.

పొద్దుగూకేసరికి ఆ పుంజుకు పొద్దున చెప్పిన ధరల సగం గూడ ఎవ్వరు ఇస్తనలేరు. తమ్ముడు గంపల పెట్టుకొని బస్సెక్కిండు. నేను ఆడనే ఉండి ఏం మాట్లాడలేదు. అది నా తప్పు. ఆ రోజు నోట్లె ఆగిన మాట ఇయ్యాల రాస్తున్న.

"అన్నా, నిరుద్యోగం మీద రాయి, కౌలు రైతు మీద రాయి, కోడీకల మీద ఏంది?" అని మీరు అడగొచ్చు. అడగాలె. కానీ ఈ ఈకల పంచాయితిల గూడ ఒక కుటుంబం అప్పు ఉన్నది, ఒక ఆడమనిషి రెండేండ్ల చాకిరి ఉన్నది. ఏది అసలు, ఏది నకిలీ అని చెప్పే అధికారం ఎవ్వని చేతిల ఉంటదో ధర గూడ వాని చేతిలనే ఉంటది. ఇది ఒక్క మన ఊరి కథ గాదు. నూట ఎనభై ఏండ్ల కింద ఇంగ్లండుల మొదలైన కథ.

పందెం పోయింది, పోటీ వచ్చింది

ఇంగ్లండుల 1835ల చట్టం తెచ్చి కోడి పందేలు బంద్ పెట్టిన్రు. పందెం పోయినా కోడి మీద మోజు పోలే. 1845ల లండన్ జంతుప్రదర్శనశాలల కోళ్ల ప్రదర్శన పెట్టిన్రు. 1849ల అమెరికాల బోస్టన్‌ల పెట్టిన్రు. అటు చైనా దిక్కునుంచి పెద్ద పెద్ద కోళ్లు ఓడల మీద దిగుతుంటె జనం ఎగబడి కొన్నరు. ఒక్కో జతకు పోసిన పైసలు చూసి ఆ రోజుల్ల అది కోళ్ల జ్వరం అని పేరుపడ్డది.

పోటీ అన్నంక గెలుపోటములు ఎవరో ఒకరు తేల్చాలె. ఒక ఊళ్లె జడ్జి ఒకటంటే ఇంకో ఊళ్లె ఇంకోటి అన్నడు. కొట్లాటలు అయినయి. అందుకే 1865ల ఇంగ్లండుల టెగెట్‌మైయర్ అనే ఆయన చేతిమీద కోళ్ల స్టాండర్డ్ పుస్తకం వచ్చింది. ఈయన డార్విన్‌కు కోళ్ల, పావురాల సంగతులు అందించిన మనిషి. అమెరికాల 1874ల వాళ్ల పుస్తకం వచ్చింది. ముక్కు ఎట్లుండాలె, కాలు ఏ రంగుండాలె, ఏ ఈక మీద ఏ చార ఉండాలె, దేనికి ఎన్ని మార్కులు, అన్నీ రాసిన్రు.

రాసుకునుడు మంచిదే. కానీ ఈక రంగు కంటికి ఎంటనే కనవడ్తది. పెట్ట ఎన్ని గుడ్లు పెడ్తది, ఎన్ని పిల్లల్ని సాదుతది, తెగులొస్తే నిలబడ్తదా అనేది పంజరంల పెట్టిన కోడిని చూస్తే కనవడదు. అట్ల కనవడే దానికి విలువ పెరిగింది, కనవడని దానికి తగ్గింది.

ఆర్పింగ్టన్ కథ

మన యూట్యూబుల ఫ్యాన్సీ కోళ్లు అమ్మెటోళ్లు ఆర్పింగ్టన్ అని ఒకటి చూపిస్తరు, మెత్తటి దిండు లెక్క ఉంటది. దాన్ని తయారుచేసింది విలియం కుక్ అని ఒక గుర్రపుబండి తోలే మనిషి, 1886ల. ఇంగ్లండుల ఆర్పింగ్టన్ ఆయన ఉన్న ఊరు. గుడ్లు మంచిగ పెట్టాలె, కూరకు గూడ పనికిరావాలె అని మూడు జాతులు కలిపి నల్లకోడిని తీసిండు. పేదోని పెరట్ల బతికే కోడి అది.

ఐదేండ్లకే, 1891ల, పార్టింగ్టన్ అనే ఇంకో ఆయన అదే పేరుమీద వేరే నల్లకోళ్లను పోటీకి తెచ్చిండు. వీటికి ఒళ్లంతా బుసబుస పొంగిన ఈకలు. చూసినోళ్లు ఫిదా అయిన్రు. పోటీల్ల గెలిచేది అదే అయింది, స్టాండర్డ్ గూడ ఆ దిక్కే మళ్లింది. ఈకల కోసం ఎంచుకుంట పోతే గుడ్లు తగ్గినయి. బండి తోలెటాయన గుడ్ల కోసం చేసిన కోడి, చూపులకోడి అయికూసున్నది.

1894ల కుక్ బంగారు రంగు ఆర్పింగ్టన్‌ను తెచ్చిండు. అప్పుడు లింకన్‌షైర్ రైతులు లొల్లికి దిగిన్రు. "ఇవి మా కోళ్లే గదయ్యా. మా పొలాల్ల ఎన్నడినుంచో తిరుగుతున్నయి, మేం లండన్ సంతకు కూరకు పంపే కోళ్లు ఇవే. నువ్వు రంగు ఒక్కతీరు చేసి పేరు మార్చినవ్" అన్నరు. కుక్ ఒప్పుకోలే. ఎవరిది నిజమో మనం ఇయ్యాల తేల్చలేం గనీ, ఆఖరికి ఏమైందో తెలుసు. పేరు, స్టాండర్డ్ ఉన్న ఆర్పింగ్టన్ ప్రపంచమంత తిరిగింది. లింకన్‌షైర్ రైతుల కోడి 1920లు వచ్చేసరికి మాయమైంది. అరవై ఏండ్లు గడిచినంక కొందరు పూనుకొని దాన్ని మళ్ల కొత్తగ తయారుచేసుకోవాల్సి వచ్చింది. తమ్ముడూ, ఇది మంచిగ గుర్తు పెట్టుకో. సాదింది ఊరు, పేరు పెట్టుకున్నది వేరేటోళ్లు.

కోడి పుట్టుకకే అడ్డంపడ్డ రూలు

ఇంకోటి చెప్త. అమెరికాల బార్డ్ ప్లిమత్ రాక్ అని నలుపు తెలుపు అడ్డచారల కోడి ఉన్నది. దీన్ల పుంజు, పెట్ట రెండు ఒక్క ఛాయల ఉండాలె, పక్కపక్కన పెడితే జత కుదరాలె అని పోటీలల్ల పట్టుబట్టిన్రు. చూడనీకె మంచిగుంటదని అట్ల కోరుకున్నరు.

కానీ ఆ చారల గుణం పుంజుకు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు వాటాలు వస్తది. పెట్టకు తండ్రినుంచి ఒక్కటే వస్తది. అందుకే పుంజు ఎప్పుడైనా పెట్టకంటె తెల్లగ కనవడ్తది. అది దాని పుట్టుక. స్టాండర్డ్ ఏమో రెండు ఒక్కతీరు ఉండాలంటది. అప్పుడు పెంచెటోళ్లు ఏం చేసిన్రు? రెండు వేరువేరు మందలు పెట్టిన్రు. ఒక మందల పోటీకి పనికొచ్చే పుంజులు పుడ్తయి, కానీ వాటి చెల్లెండ్లు మరీ నల్లగ పుడ్తయి. ఇంకో మందల పోటీకి పనికొచ్చే పెట్టలు పుడ్తయి, కానీ వాటి అన్నదమ్ములు మరీ తెల్లగ పుడ్తయి. పిల్లలల్ల సగం పుట్టుకతోనే దండగ. "ఇది పద్ధతేనా, రూలు మార్చుండ్రి" అని ఒక దిక్కు, "రెండు మందలు సాదగలిగినోడే అసలు పెంపకందారుడు" అని ఇంకో దిక్కు, ఏండ్లకేండ్లు కొట్లాడిన్రు.

రెండు మందలు సాదాలంటే రెండు రెట్లు జాగ, రెండు రెట్లు దాణా కావాలె. పది కోళ్లున్న రైతు ఆ రూలు చదివిన నాడే ఓడిపోయిండు.

తెల్లకోళ్ల పంచాయితి గూడ ఇసుంటిదే. తెల్ల ఈక మీద ఎండ పడితే, పచ్చ మక్కలు ఎక్కువ తింటే, జర పసుపు ఛాయ తేల్తది. పోటీల దానికి మార్కులు కోస్తరు. అందుకే పోటీకి పెంచెటోళ్లు కోళ్లను నీడపట్టున దాస్తరు. మక్కచేన్ల తిరిగే కోడికి ఎండ తగలకుండ ఉంటదా? మన కోడి పొద్దందాక బయట మేసుడే దాని తప్పు అయితది. రంగు పోగొట్టకుండ సాదనీకె షెడ్డు ఉన్నోడు గెలుస్తడు. ఆ మార్కులు కోడికి పడ్డయా, షెడ్డుకు పడ్డయా?

ఇగ పనికిరాని ఈక పీకేసుడు, రంగు పూసుడు గూడ పోటీలంత పాతయే. స్టాండర్డ్ పుస్తకాలు దాన్ని మోసం అని రాసినయి. ఆ తమ్ముడు గూడ పొద్దున ఆ రెండు ఈకలు పీకేస్తే ఎవ్వనికి తెల్వకపోవు. పీకలేదు. నిజాయితీకి ఆ రోజు దక్కింది గిది.

మన కోడికి మన పేరెందుకు లేదు?

ఇప్పుడు మన ఇంటికొద్దాం. అసీల్ అంటే అరబ్బీ మాట. మనం రోజూ అనే "అసలు" గూడ ఆ వేరునుంచి వచ్చిందే. అసీల్ పుట్టినిల్లు ఏదని సర్కారు జాతుల జాబితాల చూస్తే ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అని ఉంటది. అంటే మన గోదావరి దిక్కు, మన మన్యం. రాజేంద్రనగర్‌ల ఉన్న కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థల గూడ అసీల్‌ను కాపాడుతున్నరు.

మరి ఆ అసీల్‌ల రకాలు ఏందని పాఠ్యపుస్తకం తెరిస్తే పీలా, యాకూబ్, నూరీ, కాగర్, చిట్టా, టీకర్, రెజా అని ఉంటది. మన ఊళ్లె ఎవ్వరన్న ఈ పేర్లు వాడుతరా? మన దిక్కు ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతు. మెడ మీద నలుపు తెలుపు సమానంగ ఉంటె పర్ల. మెడ మీద నల్లీకలు ఉంటె సవల. రెక్కల మీదనో వీపు మీదనో పసుపు ఉంటె నెమలి. నలుపు, ఎరుపు, పసుపు మూడుంటె కౌజు. ఎరుపుల బూడిద కలిస్తె మైల. బంగారు ఛాయ ఉంటె అబ్రాసు. చదువు రాని ముసలాయన గూడ పది గజాల దూరం నుంచి చూసి చెప్తడు. ఇంత తెలివి మన నోట్లె ఉన్నది. పుస్తకంల లేదు.

ఇంకో దిక్కు చూస్తె మనకున్న రాత కుక్కుట శాస్త్రం. దాన్ల రంగులు మస్తు వివరంగ ఉంటయి. కానీ దేనికోసం? ఏ వారం ఏ రంగు గెలుస్తది, ఏ దిక్కుకు నిలబెట్టి వదలాలె అని. అది చూసుకొని పొలాలు పందెంల పెట్టి ఆగమైన కుటుంబాలు ఉన్నయి. రంగుకు, గెలుపుకు ముడిపెట్టిన ఆ గుడ్డినమ్మకాన్నే ఇప్పుడు అందాల పోటీలకు తెస్తున్నరు. 1960 చట్టం ప్రకారం జంతువుల్ని కొట్లాటకు ఉసిగొల్పుడు నేరం. పందెం వదిలి పోటీకొచ్చినోళ్లను నేను మెచ్చుకుంట. కానీ పందెం నాటి లెక్కలు గూడ ఆడనే వదిలి రావాలె.

రంగు చూసి మోసపోవుడు ఎట్లుంటదో కడక్‌నాథ్ చెప్తది. అది మధ్యప్రదేశ్ ఝాబువా దిక్కు భిల్లు ఆదివాసీలు సాదుకున్న కోడి. 2018ల ఝాబువాకు జీఐ గుర్తింపు వచ్చింది. మన భద్రాచలం అవతలి దంతెవాడ గూడ మాది అని పోటీపడ్డది గనీ దక్కలే. ఆ గుర్తింపు గూడ దాని నల్లటి మాంసానికి ఇచ్చిందే. కడక్‌నాథ్‌ల మూడు రకాలున్నయి. నిగనిగలాడే నల్లది ఒకటి, ఈకల మీద సన్న గీతలున్నది ఒకటి, బంగారు ఛాయ ఉన్నది ఒకటి. కానీ మన దగ్గర సంతల గీతలున్నది తెస్తే "ఇది డూప్లికేట్" అంటరు. ఏదో నల్లీకల సంకరకోడి తెస్తే "ఇదే ఒరిజినల్" అని డబుల్ రేటు పెడ్తరు. తోలు, మాంసం నలుపుకు కారణం ఒకటి, ఈక నలుపుకు కారణం వేరు. చైనా సిల్కీ కోడిని చూడుండ్రి, ఈకలు తెల్లగ మల్లెపువ్వు లెక్క ఉంటయి, తోలు మాత్రం నల్లగ ఉంటది. ఈక చూసి లోపలి కోడిని చెప్పలేం.

అసలు, సంకరం అనే మాటల కాడ జర ఆగుదాం

ఆ పోటీల నాకు అన్నిటికంటె గుచ్చుకున్నది ఈ మాటలే. "రక్తం కలిసింది", "జాతి చెడింది", "నికార్సైనది గాదు". ఈ మాటలు కోళ్ల కాడ పుట్టినయి గావు. మనుషుల్ని వేరుచేసి కూసోబెట్టిన ఈ దేశంల ఇవి ముందు మనుషుల మీదనే వాడిన్రు. కోడి మీద అన్నప్పుడు ఎవ్వరికి తప్పనిపియ్యది. పెండ్లి కాడ అన్నప్పుడు ఒక ప్రాణం పోతది. కోళ్ల గ్రూపులల్ల ఉన్న తమ్ముళ్లకు నా మనవి: తోక రంగు గురించి ఎంతన్న కొట్లాడుండ్రి, కానీ ఆ నాలిక ఊళ్లకు తీసుకుపోకుండ్రి.

ఇంకో సంగతి. ఆ పోటీల పంజరాల ముందు ఉన్నది అందరు మగోళ్లే. ఇంటికాడ కోడి ఎవరు సాదుతరు? పొద్దున్నే గంప లేపేది, నూకలేసేది, గద్ద వస్తె ఉరికేది, పొదుగుకు పెట్టేది అమ్మలు, అక్కలు. కొన్ని ఊళ్లల్ల పెట్టను వాటాకిచ్చి పిల్లల్ని పంచుకునే పద్ధతి ఇంకా ఉన్నది. కోడి లేని ఇంటికి కోడి వచ్చేది ఆ వాటా తోనే. అసీల్ పెట్ట గుడ్లు తక్కువ పెడ్తది గనీ పొదుగుట్ల, పిల్లల్ని కాపాడుట్ల గట్టిది. ఆ పెట్టకు పోటీల పంజరం గూడ లేదు. మార్కులు అన్నీ పుంజు తోకకే.

మరి స్టాండర్డ్ వద్దా?

వద్దని నేను అనను. "స్టాండర్డ్ లేకుంటె మన అసీల్ అంతా ఫారం కోళ్లతోని కలిసి గల్లంతైతది" అని ఆ జడ్జి అన్న మాటల నిజమున్నది. అందరు ఇష్టమొచ్చినట్టు కలిపితే పదేండ్లకు ముక్కు, కాలు, మొండితనం అన్నీ పోతయి. ఏది మనదో చెప్పుకోనీకె ఒక కొలత కావాలె. లింకన్‌షైర్ రైతులు ఓడిపోయింది గూడ వాళ్ల కోడికి వాళ్ల పేరుమీద గట్టి కాయితం లేకనే.

కాబట్టి కొలత రాద్దాం. కానీ ఎట్ల రాద్దామనేది తేలాలె.

ముందుగాల, పోటీ రోజు జడ్జి నోట్లెకెల్లి వచ్చేది రూలు గావద్దు. నెలరోజుల ముందే తెలుగుల రాసి, ఫొటోలు పెట్టి, అందరి ఫోన్లకు పంపాలె. డేగ అంటె ఏది, సవల అంటె ఏది, ఏ దిక్కు ఏమంటరు, అన్నీ రాయాలె. ఒక ఊరికి ఇంకో ఊరికి పేరు తేడా ఉంటె రెండు రాయాలె. ఒకదాన్ని కొట్టేయొద్దు.

రెండోది, రంగుకు మార్కులు ఉండనియ్యుండ్రి, తక్కువ ఉండనియ్యుండ్రి. రెండు ఈకలకు నాలుగు మార్కులు పోతె పోనీ, కోడినే బయట పడెయ్యొద్దు. అసీల్‌కు ఇంగ్లండు స్టాండర్డే ఒక్క రంగు అని గిరిగీయలే, ఒళ్లు, కాలు, నిలబడే తీరు చూడమన్నది. వాళ్లే వదిలిపెట్టిన గీతను మనం గీసుకునుడేంది? ఎండకు మారిన ఛాయకు, ఈక రాల్చే కాలంల ఉన్న కోడికి శిక్ష వెయ్యొద్దు.

మూడోది, పెట్టకు పోటీ పెట్టాలె. పిల్లలతోని సహా తెచ్చిన పెట్టకు బహుమతి ఇయ్యాలె. కొక్కెర తెగులు టీకాలు వేసినట్టు రాసుకున్న ఇంటికి మార్కులు ఇయ్యాలె. ఒక్క తెగులుకు ఊరి కోళ్లన్నీ ఊడ్చుకపోయేకాడ తోక రంగు చూసి ఏం లాభం?

నాలుగోది, జడ్జీల బల్ల కాడ కోళ్లు సాదే ఆడోళ్లు, ఆదివాసీలు కూసోవాలె. బొకే ఇచ్చి ఫొటో దిగనీకె గాదు, మార్కులు వెయ్యనీకె. ఇగ పోటీ పేరు చెప్పి ఎనక పందెం నడిపేటోళ్లను గేటు కాడనే ఆపాలె.

ఇవి నేను ఒక్కన్నే కూసోని రాసినయి. తప్పులుంటయి. నాకంటె కోళ్ల సంగతి ఎక్కువ తెలిసినోళ్లు మీల మస్తుమంది ఉన్నరు. మీ ఊరి పేర్లు, మీ ఊరి గుర్తులు రాసిపెట్టుండ్రి. మీ నాయనమ్మను అడిగి రాయుండ్రి. మనం రాయకపోతే ఇంకెవరో రాస్తరు, ఆ పుస్తకంల మన కోడి ఉంటది, మనం ఉండం.

మొన్న ఆ తమ్మునికి ఫోన్ చేసిన. పుంజును అమ్మలేదట. "అమ్మ వద్దన్నది అన్నా. దీని పిల్లలు మొన్నటి తెగులుల ఒక్కటి గూడ పోలేదట, అమ్మనే చెప్పింది" అన్నడు. ఆ ముచ్చట రాసుకునే గడి ఆ జడ్జి చేతిల ఉన్న కాయితంల లేదు. వచ్చే పోటీకి నేను గూడ పోత. ఈసారి ఊకె నిలవడను, ఆ గడి ఏదని అడుగుత.